పన్నెండు నెలలు నిలిచే నెట్టే మన ఇంటికి సరైన స్పీడు



కాలేజీల్లో చేరే రోజులు వచ్చాయంటే మనలో రెండు రకాల ప్రశ్నలు మొదలవుతాయి. ఒకటి కౌన్సెలింగ్ గురించి. రెండోది, "ఇంట్లో నెట్ పెట్టిద్దామనుకుంటున్నాం, ముప్పై చాలా, వంద తీసుకోవాలా?" అని. రాజోలు, మలికిపురం, కొత్తపేట వైపు ఇళ్ల నుంచి కొందరు అడుగుతారు. అమలాపురంలో నలుగురైదుగురు కలిసి రూము తీసుకుని చదువుకుంటున్నవాళ్లు కొందరు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మేమనుకుంటున్నది ఒకచోట రాసేస్తే మంచిదనిపించింది. పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

అసలు మాట ముందే చెప్పేస్తాం. మన ఇళ్లలో చాలావాటికి 30 నుంచి 40 ఎంబీపీఎస్ సరిపోతుంది. మోజుపడి వంద తీసుకుని నాలుగో నెల బిల్లు కట్టలేక ఆపేస్తే, ఆ నెల ఆ ఇంటి పిల్లకి దొరికే స్పీడు సున్నా. ముప్పై తీసుకుని పన్నెండు నెలలూ కట్టుకుంటూ పోయిన ఇంట్లో పిల్ల చదువు ఆగదు. కాబట్టి ఎంత స్పీడు అని అడిగే ముందు, కష్టకాలంలో కూడా మనం కట్టగలిగేది ఎంత అని అడగాలి. మిగతా లెక్కంతా దాని తర్వాతే.

ఈ స్పీడు ముచ్చట మన కోనసీమకు కొత్తేమీ కాదు. రాష్ట్రంలో ఫైబర్ నెట్ తొలినాళ్లలోనే అడుగుపెట్టిన చోట్లలో మన రాజోలు నియోజకవర్గం ఒకటి. సఖినేటిపల్లి మండలం మోరి గ్రామం, జీడిపప్పుకు పేరున్న ఊరు. 2016 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ ఊళ్లో ఫైబర్ కనెక్షన్లు ప్రారంభించారు. ఇంటికి 15 ఎంబీపీఎస్ నెట్టు, టీవీ ఛానళ్లు, ఫోను, అన్నీ కలిపి నెలకు 149 రూపాయలు. మరుసటి ఏడాది 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి రాష్ట్రమంతటికీ ఆ పథకాన్ని ప్రారంభించారు. తీగ వేయడానికి కొత్తగా గోతులు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. అందుకే అంత తక్కువ ఖర్చులో ఊళ్లకు చేరింది.

అప్పట్లో 15 అంటే చిన్న సంగతి కాదు. ఆ రోజుల్లో ప్రభుత్వ లెక్క ప్రకారం సెకనుకు 512 కిలోబిట్లు వస్తే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. మోరిలో ఇచ్చింది దానికి దాదాపు ముప్పై రెట్లు. 2018లో కేంద్రం తెచ్చిన టెలికాం విధానం, 2022 కల్లా ప్రతి పౌరుడికీ 50 ఎంబీపీఎస్ అందాలంది. 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని మార్చి కనీసం 2 ఎంబీపీఎస్ అన్నారు. అదే అమెరికాలో 2024లో ఆ కనీసాన్ని 100కి పెంచారు. 2, 15, 50, 100, అన్నీ పెద్దవాళ్లు చెప్పిన అంకెలే. ఒకటి లక్ష్యం, ఒకటి నిర్వచనం, ఒకటి పథకం. వీటిలో ఏదీ మీ ఇంటిని చూసి రాసింది కాదు. మీ ఇంటి అంకె మీరే వేసుకోవాలి.

ముందు ఆ అంకె అంటే ఏమిటో చూద్దాం. మనం కాలువల మధ్య పెరిగినవాళ్లం, నీళ్ల లెక్కలో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఎంబీపీఎస్ అంటే కాలువ వెడల్పు లాంటిది, ఒక్క సెకనులో ఎంత పారుతుందో చెబుతుంది. నెలకు ఇన్ని జీబీలు అన్నది చెరువులో ఉన్న నీళ్లు, మొత్తం ఎంత వాడుకోవచ్చో చెబుతుంది. ఈ రెండూ వేరు. ఎవరైనా 15 స్పీడు ఇస్తానని నెలకు 5 జీబీ మాత్రమే ఇచ్చాడనుకోండి. ఫుల్ స్పీడులో వాడితే ముప్పావు గంటలో చెరువు ఎండిపోతుంది. కాలువ ఎంత వెడల్పుంటే ఏం లాభం?

ఇంకో తిరకాసు ఉంది. ప్లాన్ మీద రాసేది మెగాబిట్లలో, మన ఫోనులో ఫైలు సైజు చూపించేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 30 ఎంబీపీఎస్ లైన్లో సెకనుకు దిగేది 4 ఎంబీ కన్నా కొంచెం తక్కువే. ఒక జీబీ ఫైలు దిగడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. "ముప్పై అన్నాడు, నాలుగే వస్తోంది, మోసం" అని కేబుల్ అబ్బాయి మీద గొడవకి వెళ్లే ముందు ఈ ఎనిమిది సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఏ పనికి ఎంత కావాలో చూద్దాం. యూట్యూబ్‌లో పాఠం 480పీలో చూస్తే 1 ఎంబీపీఎస్ పైన కొంచెం. బోర్డు మీద అక్షరాలు స్పష్టంగా కనపడే 720పీ అయితే రెండున్నర. 1080పీ అయితే 5. 4కే టీవీలో సినిమా అయితే 15 నుంచి 20. జూమ్‌లో అందరితో కలిసి వీడియో క్లాసు అయితే రెండు మూడు. వాట్సాప్, ఫేస్‌బుక్ చూసుకుంటే మనిషికి ఒకటి రెండు. ఆన్‌లైన్ మాక్ టెస్టు రాయడానికి అంతకన్నా తక్కువే. ప్రశ్నలు అక్షరాలే కదా, వాటికి స్పీడు అక్కర్లేదు, మధ్యలో తెగకుండా ఉంటే చాలు. 2025లో మెగా డీఎస్సీ మొత్తం కంప్యూటర్ మీదే జరిగింది. దానికి ఇంట్లో సాధన చేసినవాళ్లకి కావాల్సింది కూడా తెగని లైనే.

ఒక ఇంటి లెక్క వేద్దాం. రాజోలు దగ్గర ఊళ్లో అమ్మ, నాన్న, ఇంటర్ చదివే తమ్ముడు, డిగ్రీ చదివే అక్క ఉన్నారు. రాత్రి ఎనిమిదింటికి టీవీలో హెచ్‌డీ సినిమా, 5. అక్కకి ఆన్‌లైన్ క్లాసు, 3. తమ్ముడు పాఠం చూస్తున్నాడు, రెండున్నర. నాన్న ఫోను, 2. మొత్తం పన్నెండున్నర. దానికి సగం కలపండి. ఫోన్లు వాటంతటవే అప్‌డేట్లు దించుకుంటాయి, చుట్టాలొస్తారు, సాయంత్రం స్పీడు తగ్గుతుంది, అందుకే ఆ సగం. పంతొమ్మిది దగ్గర తేలింది. 20 అయితే బొటాబొటిగా, 30 అయితే హాయిగా సరిపోతుంది.

అమలాపురం రూములో ఐదుగురున్నారనుకోండి. ఐదుగురూ ఒకేసారి 720పీలో పాఠాలు చూస్తే పన్నెండున్నర. ఫోన్ల వాడకానికి ఇంకో ఐదు. వాళ్లలో ఒకరికి వీడియో ఇంటర్వ్యూ ఉంటే నాలుగు. ఇరవై ఒకటిన్నర. సగం కలిపితే ముప్పై రెండు. 30 లేదా 40 ప్లాన్, ఐదుగురు పంచుకుంటే మనిషికి వంద రూపాయల చిల్లర.

మరి వంద ఎవరికి కావాలి? ఇంట్లో ఇద్దరు ముగ్గురు పెద్ద పెద్ద ఫైళ్లతో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంటే, ఇంట్లో 4కే టీవీలు నడుస్తుంటే, వీడియోలు ఎడిట్ చేసి రోజూ ఎక్కించే పని ఉంటే కావాలి. అలాంటి ఇళ్లు మనలోనూ ఉన్నాయి, వాళ్లు నిక్షేపంగా తీసుకోవచ్చు. గేములాడే తమ్ముళ్లు మాత్రం "వంద లేకపోతే ల్యాగ్ వస్తుంది" అని ఇంట్లో నమ్మించకండి. గేము ఆడేటప్పుడు కావాల్సిన స్పీడు చాలా తక్కువ. అక్కడ ముఖ్యం పింగ్, అంటే మీరు నొక్కింది అవతలికి చేరి తిరిగి రావడానికి పట్టే సమయం. ప్లాన్ పెంచినంత మాత్రాన అది తగ్గదు.

ఒంటరిగా చదువుకునే విద్యార్థికి అసలు ఇంటి కనెక్షన్ కావాలా? ఇదీ లెక్కతోనే తేలుతుంది. రోజుకు 2 జీబీ ఫోన్ రీఛార్జి ఉందనుకోండి. 720పీ పాఠం గంటకు 1 జీబీ పైన తింటుంది, అంటే రోజుకు రెండు గంటలు కూడా రాదు. అదే 480పీలో చూస్తే నాలుగు గంటలు వస్తుంది. రోజుకు రెండు మూడు గంటల పాఠాలతో సరిపోయేవాళ్లకి ఫోన్ రీఛార్జి చాలు. ఇంట్లో చదివేవాళ్లు ఇద్దరైతే, లేదా రోజంతా కోచింగ్ ఆన్‌లైన్లోనే ఉంటే, అప్పుడు ఇంటికి లైన్ పెట్టించడం లాభం.

స్పీడు అనగానే అందరూ దిగే స్పీడే చూస్తారు. ఎక్కే స్పీడు, అంటే మన దగ్గర నుంచి వెళ్లేది, ఎవరూ అడగరు. వీడియో ఇంటర్వ్యూలో మన ముఖం అవతలివాళ్లకి స్పష్టంగా కనపడాలంటే ఎక్కే స్పీడు మూడైనా ఉండాలి. కెమెరా ఆన్ చేసి రాసే పరీక్షలకీ అంతే. చాలా ఫైబర్ ప్లాన్లలో రెండూ సమానంగా ఇస్తారు. గాలిలో సిగ్నల్ మీద వచ్చే కనెక్షన్లలో ఎక్కేది తక్కువగా ఉంటుంది. ఇంటర్వ్యూలకు తయారవుతున్నవాళ్లు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి.

ఇంకో అపోహ కూడా పోవాలి. వెబ్ ఆప్షన్ల ఆఖరి రోజు, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆఖరి రోజు సైటు తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు "మన నెట్ స్లో, పెద్ద ప్లాన్ వేద్దాం" అంటారు. కుల ధ్రువీకరణ పత్రం ఫైలు 200 కేబీ ఉంటుంది. 10 ఎంబీపీఎస్ లైన్లో అది వెళ్లడానికి సెకను కూడా పట్టదు. తిరుగుతున్నది అవతలి సర్వరు, రాష్ట్రమంతా ఒకేసారి తలుపు తట్టింది కాబట్టి. మీ ఇంట్లో మూడు వందల స్పీడున్నా ఆ రోజు అదే తిరుగుడు. దానికి మందు ఒక్కటే, మూడు రోజుల ముందు, తెల్లవారుజామున దరఖాస్తు చేయడం. డబ్బు పెట్టి కొనే మందు కాదు.

డబ్బు దగ్గరికి వద్దాం. మేము ఇది రాయడానికి అసలు కారణం ఇదే.

30 ఎంబీపీఎస్ ప్లాన్ నెలకు 399 అని బోర్డు మీద ఉంటే, 18 శాతం జీఎస్టీ కలిపి చేతిలోంచి పోయేది 471. 100 ప్లాన్ 699 అని ఉంటే పోయేది 825. తేడా నెలకు 354, ఏడాదికి 4,248. రేట్లు కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి, ఆ మోరిలో మొదలైన 149 కూడా నిలవలేదు. కానీ తేడా మాత్రం ఇంచుమించు ఈ లెక్కలోనే ఉంటుంది. ఆ నాలుగు వేలతో ఒక విద్యార్థి పోటీ పరీక్షల ఫీజులు, పుస్తకాలు గడిచిపోతాయి.

మన ఇళ్లలో డబ్బు నెల నెలా ఒకటో తారీఖున రాదు. కోనసీమలో ఉన్న యానాది, ఎరుకల ఇళ్లు చూసుకోండి. చేపలు, పీతలు పట్టేవాళ్లు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు, పందులు పెంచేవాళ్లు, వరి పనులకు, కొబ్బరి దింపులకు కూలికి వెళ్లేవాళ్లు. పని ఉన్న నెల ఉంటుంది, లేని నెల ఉంటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు తీరంలో చేపల మీద బతికే ప్రతి చేతికీ పని తగ్గుతుంది. సరిగ్గా ఆ రెండు నెలల్లోనే మన పిల్లలకి ఎంట్రన్సులు, ఫలితాలు, దరఖాస్తులు. అంటే ఇంట్లో డబ్బు బాగా తక్కువున్నప్పుడే నెట్ బాగా అవసరం.

అందుకే మా సలహా ఇది. ప్లాన్ ఎంచుకునేటప్పుడు సంక్రాంతి నెల చూసి ఎంచుకోకండి, మే నెల చూసి ఎంచుకోండి. మే నెలలో అప్పు చేయకుండా కట్టగలిగిన బిల్లు ఎంతో అదే మీ హద్దు. ఆ హద్దులో వచ్చిన స్పీడు 30 అయితే 30, 20 అయితే 20. ఇరవైతో కూడా ఒక ఇంట్లో ఇద్దరు చదువుకోవచ్చని పైన లెక్క చూశారు.

"ఏడాదికి ఒకేసారి కడితే నెల ఉచితం, రౌటర్ ఉచితం" అని వస్తారు. చేతిలో డబ్బుండి, ఆ లైన్ పనితనం తెలిసినవాళ్లకి అది లాభమే. కొత్తగా పెట్టించేవాళ్లు మాత్రం మొదటి ఒకటి రెండు నెలలు నెలవారీగానే కట్టండి. బాగుందనిపిస్తే అప్పుడు ఆరు నెలలకో ఏడాదికో కట్టొచ్చు. ముందే కట్టేస్తే, రేపు లైన్ బాగోకపోయినా వదులుకోలేం. అలాగే "జీఎస్టీతో కలిపి ఎంత? ఇన్‌స్టలేషన్ ఎంత? రౌటర్ డిపాజిట్ తిరిగిస్తారా?" ఈ మూడూ నోటితో కాకుండా వాట్సాప్ మెసేజ్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

మిగిల్చిన డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాం. మొదటిది కరెంటు. మన ఊళ్లలో గాలి వేస్తే కరెంటు పోతుంది. కరెంటు పోతే రౌటరూ పోతుంది. రౌటర్లకు చిన్న యూపీఎస్‌లు వస్తాయి, వెయ్యి రెండు వేల మధ్యలో దొరుకుతాయి. రెండు మూడు గంటలు లాగుతాయి. ఫైబర్ బాక్సూ రౌటరూ విడిగా ఉంటే రెండింటికీ కరెంటు కావాలి, అది చూసి కొనండి. స్పీడు వందకి పెంచడానికి పెట్టే ఐదు నెలల తేడా డబ్బుతో ఇది వచ్చేస్తుంది. పరీక్ష మధ్యలో కరెంటు పోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

రెండోది రౌటర్ పెట్టే చోటు. చాలా ఇళ్లలో టీవీ వెనకాల, బీరువా పక్కన పెడతారు. పిల్ల చదువుకునేది చివరి గదిలోనో వెనక వసారాలోనో. మధ్యలో రెండు మందపాటి గోడలు. వైఫైలో 2.4, 5 అని రెండు రకాలుంటాయి. 5 వేగం ఎక్కువ, కానీ గోడలు దాటలేదు. 2.4 దూరం వెళ్తుంది, వేగం తక్కువ. పాత ఫోన్లలో చాలావాటికి 2.4 ఒక్కటే ఉంటుంది. అందులో గోడ దాటాక నలభై వస్తే గొప్పే. వంద కొన్నా ఆ ఫోనుకు అందేది అంతే. కాబట్టి రౌటర్‌ని ఇంటి మధ్యలో, ఎత్తులో, చదివే మనిషికి దగ్గరగా పెట్టించండి. వైరు పది అడుగులు ఎక్కువ పట్టినా పరవాలేదు, కేబుల్ అబ్బాయిని ఆ రోజే అడగండి, తర్వాత రాడు.

మూడోది తెగితే బాగుచేసే మనిషి. ఇది మన కోనసీమలో స్పీడు కన్నా పెద్ద విషయం. తీగలన్నీ స్తంభాల మీద, కొబ్బరి చెట్ల కింద నుంచి వస్తాయి. ఒక కమ్మ విరిగి పడితే చాలు. లంక గ్రామాల్లో వరదొస్తే స్తంభం దగ్గరికి పడవ మీద వెళ్లాలి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు గాలులకు మన దగ్గర ఎన్ని చెట్లు పడ్డాయో అందరికీ తెలుసు. అందుకే కనెక్షన్ తీసుకునే ముందు పక్కింటివాళ్లని ఒకటే అడగండి, "పోయిన వానాకాలంలో లైన్ తెగితే ఎన్ని రోజులకి వచ్చి వేశారు?" అని. ఒక్క రోజులో వచ్చే 30, వారానికి వచ్చే 200 కన్నా మేలు. కంపెనీ పేరు కన్నా మీ వీధి ఆపరేటర్ ముఖ్యం.

తీగ లేకుండా 5జీ సిగ్నల్ మీద ఇంటికి వచ్చే నెట్టు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. తీగ రాని ఇళ్లకి అది మంచి దారే. కాకపోతే కొబ్బరి తోటల మధ్య ఇల్లయితే ముందు పరీక్షించుకోండి. తడిసిన ఆకులు సిగ్నల్‌ని పీల్చేస్తాయి. ఎండలో చూపించిన స్పీడు చూసి సంతకం పెట్టకండి, వాన రోజు, రాత్రి ఎనిమిదింటికి చూడండి.

రాత్రి ఎనిమిది అని ఎందుకంటున్నామంటే, శివారు భూముల సంగతి మీకు తెలుసు కదా. ధవళేశ్వరం నుంచి నీళ్లు వదులుతారు, ఎగువన అందరూ ఒకేసారి తూములెత్తితే శివారుకి వచ్చేసరికి కాలువలో ఏమీ మిగలదు. నెట్ కూడా అంతే. ఒక వీధికి వచ్చే లైన్‌ని ఆ వీధి ఇళ్లన్నీ పంచుకుంటాయి. ప్లాన్‌లో "అప్ టు 100" అని రాసేది అందుకే, అంతవరకూ రావచ్చు అని. సాయంత్రం ఏడు నుంచి పది మధ్య మూడు రోజులు స్పీడు కొలిచి చూడండి. ఆ వేళ సగానికి పైగా నిలబడితే అది మంచి లైను.

ఇక ఇంట్లో మాట. కొన్న నెట్ ఎవరికి దక్కుతోంది? బిల్లు కట్టేటప్పుడు "పిల్లల చదువు కోసం" అంటాం. రాత్రయ్యేసరికి టీవీది మొదటి వాటా, అన్న ఫోనుది రెండో వాటా, వంట, గిన్నెలు అయ్యాక కూర్చునే ఆడపిల్లది ఆఖరి వాటా. ఆ పిల్ల ఫోను కూడా ఇంట్లో అన్నిటికన్నా పాతదే. అలాంటి ఇంట్లో ముప్పైని వంద చేసినా ఆ పిల్లకి దక్కేది మారదు. మారాల్సింది వరుస. క్లాసు టైములో టీవీని 4కే నుంచి హెచ్‌డీకి దించండి, ఒక్క బటన్‌తో పదికి పైగా ఎంబీపీఎస్ మిగులుతుంది. పెద్ద డౌన్‌లోడ్లు, అప్‌డేట్లు రాత్రి పదకొండు తర్వాత పెట్టుకోండి. చదివే పిల్లకి రౌటర్ దగ్గర గది ఇవ్వండి. వీటికి రూపాయి ఖర్చు లేదు.

ఇదంతా లైన్ వచ్చే ఇళ్ల సంగతి. మన కాలనీలు చాలావరకు ఊరి చివర, కాలువ గట్టు మీదో, చెరువుల పక్కనో ఉంటాయి. ఫైబర్ పంచాయతీ ఆఫీసు దాకా వస్తుంది, మెయిన్ రోడ్డు ఇళ్లకి వస్తుంది. అక్కడి నుంచి మన కాలనీకి వచ్చేసరికి "నాలుగు స్తంభాలు దూరం ఉందండి, ఒక్క ఇంటికోసం తీగ లాగలేం" అంటారు. వ్యాపారం చేసేవాడికి అది లెక్కే. మనం కూడా లెక్కతోనే వెళ్దాం. ఒక్క ఇల్లు వెళ్లి అడిగితే లాగరు, ఐదారు ఇళ్లు కలిసి ఒకే రోజు అడిగితే లాగుతారు. కాలనీలో చదువుకున్న పిల్లలు ఈ పని నెత్తిన వేసుకోండి. 2018 విధానంలో ప్రతి పంచాయతీకీ 1 గిగాబిట్ అందిస్తామని రాసుకున్నారు. పంచాయతీ దాకా వచ్చిన తీగని కాలనీ దాకా తెమ్మని గ్రామసభలో అడిగే హక్కు మనకుంది, అడుగుదాం.

రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు నుంచి ఇక్కడికొచ్చి చదువుతున్న కోయ, కొండరెడ్డి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదువుతూ నవ్వుకుంటూ ఉండొచ్చు. వాళ్ల ఊళ్లలో చాలాచోట్ల ముప్పయ్యా వందా అన్న ప్రశ్నే లేదు, ఏ గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తుందన్నదే ప్రశ్న. కోనసీమవాళ్లకి కూడా ఒకసారి ఆ రుచి తెలిసింది. 2022 మే 24 అల్లర్ల తర్వాత జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేస్తే, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు ల్యాప్‌టాపులు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల దాకా వెళ్లారు. మనకి ఆ కొద్ది రోజులు ఎలా ఉన్నాయో, ఏజెన్సీలో మన పిల్లలకి ఏడాదంతా అలాగే ఉంటుంది. కాబట్టి ఇక్కడ నెట్ ఉన్న ఇళ్లవాళ్లు, సెలవులకి ఊరెళ్లలేక, వెళ్తే దరఖాస్తు పోతుందని భయపడే పిల్లలకి ఆ రెండు రోజులు తలుపు తీయండి. ఒక దరఖాస్తు పెట్టుకుంటే మీ ముప్పైలో తగ్గేది ఏమీ ఉండదు.

పెద్ద స్పీడు అడగాల్సిన చోటు ఒకటుంది, అది మన ఇల్లు కాదు, హాస్టలు. వంద మంది ఉన్న పోస్ట్ మెట్రిక్ హాస్టల్లో సాయంత్రం నలభై మంది ఒకేసారి 720పీ పాఠం చూస్తే వంద ఎంబీపీఎస్ పూర్తిగా అయిపోతుంది. నలభై ఫోన్లని ఒక్క ఇంటి రౌటర్ మోయలేదు. కాబట్టి హాస్టల్‌కి 200 లైను, అంతస్తుకో వైఫై పాయింటు, కరెంటు పోతే నిలిచే బ్యాటరీ కావాలి. ఇంట్లో అమ్మానాన్నల మీద పడి వంద స్పీడు అడిగే బదులు, ఈ లెక్క కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి గిరిజన సంక్షేమ శాఖ అధికారులకి ఇద్దాం. "హాస్టల్లో నెట్ పెట్టండి" అని అడిగితే ఒక డబ్బా తగిలించి పోతారు. ఎంతమంది, ఏ వేళ, ఎంత స్పీడు అని అంకెలతో అడిగితే తప్పించుకోవడం కష్టం.

చివరగా, కనెక్షన్‌కి డబ్బు కట్టే ముందు ఇంట్లో కూర్చుని అడగాల్సినవి ఇవి. రాత్రి ఎనిమిదింటికి మన ఇంట్లో ఎంతమంది, ఏమేం చూస్తారు? అన్నీ కూడి సగం కలిపితే ఎంత? మే నెలలో ఎంత కట్టగలం? జీఎస్టీతో ఎంత? ఎక్కే స్పీడు ఎంత? తెగితే ఎన్ని రోజులకి వస్తారు? రౌటర్ ఎవరి గదికి దగ్గరగా ఉంటుంది? ఈ ఏడు ప్రశ్నలకి జవాబు దొరికితే, ప్లాన్ ఏదో మీకే తెలిసిపోతుంది.

అమ్మేవాడు ఎప్పుడూ పై మెట్టే చూపిస్తాడు, అది అతని పని. మన అమ్మానాన్నలకి ఎంబీపీఎస్ అంటే తెలియకపోవచ్చు, కానీ కూలి డబ్బుల విలువ తెలుసు. వాళ్ల పక్కన కూర్చుని ఈ లెక్క విడమరిచి చెప్పాల్సింది చదువుకుంటున్న మనమే. వాళ్లు మే నెలలో కూడా బెంగపడకుండా కట్టగలిగే ప్లాన్ ఎంచండి. చెల్లి పరీక్ష రోజున ఆ నెట్ ఉండాలి, అంతే.

జై ఆదివాసీ.